బీపీ నెత్తుర్ల వస్తదా, ఉప్పుల వస్తదా?

మా జుక్కల్ దిక్కు బీపీ ముచ్చటొచ్చిందంటే రెండే రెండు మాటలు ఇనవడ్తయి. ఒకటి: "మా అవ్వకుండె, మా నాయినకుండె, నాకు రాక యాడికి పోతది? గోలీలు మింగినా, మింగకున్నా గంతే." ఇంకోటి: "మా తాత తొంభై ఏండ్లు జొన్నరొట్టె మీద ఉప్పు, కారం వేస్కొని తిన్నడు. గట్టిగ బతికిండు. మా రక్తంల బీపీ లేదు." మొదటాయన గోలీలు బంద్ వెడ్తడు. రెండో ఆయన ఒక్కసారన్న చేతికి పట్టీ కట్టించుకోడు. ఇద్దరి నమ్మకం మాత్రం ఒక్కటే. బీపీ అనేది పుట్టుకతోనే రాసివెట్టి ఉంటదని.

ఇప్పుడు దీనికి ఫోన్ల వీడియోలు సుత తోడైనయి. నిన్నటిదాక నొసటి రాత అన్నోళ్లు ఇయ్యాల 'జీన్స్' అంటున్నరు. పేరు మారింది గని ముచ్చట మారలె. అందుకే జీన్లు బీపీని నిజంగ ఎంత నడిపిస్తయి, ఏ తీరుగ నడిపిస్తయి అన్నది నాకు తెలిసినంతల చెప్త. నేను డాక్టర్ను గాదు, సర్కారు బడిల జీవశాస్త్రం చెప్పేటోన్ని. ఎవలు ఏ గోలి వేస్కోవాలె అన్న ముచ్చట డాక్టరు తోనే మాట్లాడాలె.

ముందుగాల ఇది చిన్న ముచ్చట గాదని తెలువాలె. 2019-21ల చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల తెలంగాణల 15 ఏండ్లు దాటిన ఆడోళ్లల్ల నూటికి 26 మందికి, మొగోళ్లల్ల నూటికి 31 మందికి బీపీ ఎక్కువన్న ఉన్నది, లేకుంటే వాళ్లు గోలీలన్న వాడుతున్నరు. దేశం మొత్తం మీద అది 21, 24. అంటే మనం దేశం సగటు కంటె మీదికే ఉన్నం. మన జీన్లు దేశం జీన్ల కంటె పాడైనయా? గట్లేం లేదు. ఎందుకో ముందుకువోతే సమజయితది.

బీపీ అంటే ఏందో నిజాంసాగర్ ను చూస్తే తెలుస్తది. మంజీర మీద కట్టిన ఆ డ్యాముల నీళ్లు ఎంత ఎత్తున నిలవాలె అన్నది మూడింటి మీద ఉంటది. ఎంత నీళ్లొస్తున్నయి, కాల్వలు ఎంత వెడల్పున్నయి, తూము ఎంత లేపినరు. పెయ్యిల సుత గంతే. గుండె ఎంత జోరుగ తోస్తున్నది, నెత్తురు గొట్టాలు ఎంత ఇరుకైనయి, లోపల నీళ్లు, ఉప్పు ఎంత నిలిచినయి. తూము దగ్గర కూసున్న లస్కర్లు మన మూత్రపిండాలు. ఎంత ఉప్పు బయటికి ఇడువాలె, ఎంత లోపల ఆపాలె అనేది వాటి చేతుల పని. ఉప్పు ఆగితే దాని వెంబడి నీళ్లు ఆగుతయి, నీళ్లు ఆగితే ఒత్తిడి వెరుగుతది.

ఈ లస్కర్లు సొంత ఇష్టంతోని తూము తిప్పరు. వాళ్లకు పై నుంచి హుకుం రావాలె. ఆ హుకుం ఒక గొలుసు లెక్క నడుస్తది. బీపీ జెర తగ్గిందనిపిస్తే మూత్రపిండం రెనిన్ అనే పదార్థం ఇడుస్తది. కాలేయం తయారుజేసి నెత్తుర్లకు పంపే యాంజియోటెన్సినోజెన్ అనే పెద్ద ముక్కను ఈ రెనిన్ కోస్తది. ఆ తెగిన ముక్కను ఊపిరితిత్తుల గొట్టాల గోడలల్ల ఎక్కువగ ఉండే ఏసీఈ అనే ఎంజైము ఇంకోసారి కోస్తది. అప్పుడు తయారైన యాంజియోటెన్సిన్-2 రెండు పనులు చేస్తది. గొట్టాలను బిగవడ్తది. మూత్రపిండాల నెత్తి మీద టోపి లెక్క ఉన్న గ్రంథులకు చెప్పి ఆల్డోస్టిరోన్ ఇడిపిస్తది. ఆ ఆల్డోస్టిరోన్ వచ్చి లస్కర్లకు చెప్తది, ఉప్పును పోనియ్యకు అని.

ఈ గొలుసుల ప్రతి కడియానికి ఒక జీను ఉన్నది. జీను అంటే ఆ ప్రోటీను ఎట్ల తయారు చేయాలెనో రాసివెట్టిన పాఠం. మన కణంల ఉన్న మొత్తం రాత దగ్గరదగ్గర 300 కోట్ల అక్షరాలు. ఏ ఇద్దరు మనుషులను పక్కపక్కన వెట్టి చూసినా ఎక్కువ శాతం రాత ఒక్కటే ఉంటది. వెయ్యి అక్షరాలకు ఒక్కటి తేడా వస్తది. గంత పెద్ద రాతల వెయ్యికి ఒకటన్నా లక్షల తేడాలు అయితయి. మన ఎత్తు, మన రంగు, మన బీపీ, గీ తేడాలల్లనే కొంత దాగి ఉన్నది.

ఇగ అసలు చిక్కు. పదో తరగతిల పిల్లలకు మేం మెండల్ బఠాణీల పాఠం చెప్తం. పొడుగు మొక్క, పొట్టి మొక్క, మూడుకు ఒకటి లెక్క. పాఠం మంచిదే. గని దాంతోని పిల్లల మనసుల ఒక బొమ్మ పడిపోతది. ప్రతి గుణానికి ఒక జీను ఉంటది, అది ఉంటే గుణం వస్తది, లేకుంటే రాదు అని. ఆ పిల్లలే పెద్దగయి 'బీపీ జీను' ఉంటదనుకుంటరు. పెద్ద పెద్ద డాక్టర్లు సుత ఒకప్పుడు గిట్లనే అనుకున్నరు.

1950లల్ల ఇంగ్లండుల దీని మీద పెద్ద లొల్లి నడిచింది. మాంచెస్టర్ల రాబర్ట్ ప్లాట్ అనే డాక్టరు, బీపీ ఒక్క జీను మీదికెళ్లి వచ్చే బీమారి, మనుషులు రెండు గుంపులు, ఉన్నోళ్లు, లేనోళ్లు అని వాదించిండు. జార్జ్ పికరింగ్ అనే ఇంకో డాక్టరు ఒప్పుకోలె. జనం బీపీలు కొలిచి వరుసగ వెడితే నడుమ యాడ తెగదు, ఎత్తు లెక్కనే తక్కువ నుంచి ఎక్కువకు మెల్లగ పోతది, 140 అనేది మనం గీసుకున్న గీత తప్ప ప్రకృతి గీసింది గాదు అన్నడు. లాన్సెట్ పత్రికల ఏండ్లకేండ్లు ఈ వాదన నడిచింది. చివరికి పికరింగ్ మాటే నిలబడ్డది. పొడుగు జీను ఒక్కటి ఎట్ల లేదో, బీపీ జీను ఒక్కటి గట్ల లేదు.

ఎన్ని ఉన్నయి మరి? 2011ల 2 లక్షల మంది రాతలు చదివి, బీపీతోని సంబంధం ఉన్న 29 తేడాలు చూపిచ్చినరు. 2018ల 10 లక్షలకు పైగ మందిని చూస్తే కొత్తగ 535 చోట్లు దొర్కినయి. పాతయి, కొత్తయి కలిపితే 901. ఇండ్ల ఎక్కువ శాతం ఒక్కొక్కటి బీపీని ఒక మిల్లీమీటరు సుత పెంచయి. గోనెసంచిల ఒక్కో గింజ లెక్క. ఒక్క గింజకు బరువేముంటది? అన్ని కలిస్తే మొయ్యాలె. మీ అవ్వ దిక్కు నుంచి కొన్ని గింజలు, మీ నాయిన దిక్కు నుంచి కొన్ని. అందుకే ఒక్క కడుపున పుట్టిన అన్నదమ్ములల్ల సుత ఒకనికి సంచి బరువుంటది, ఇంకొకనికి తేలికుంటది.

ఒక్క జీనే మొత్తం ఆగం చేసే రకాలు సుత ఉన్నయి, గని చాన తక్కువ మందిల. 1963ల గ్రాంట్ లిడిల్ అనే అమెరికా డాక్టరు ఒక కుటుంబాన్ని చూసిండు. చిన్న వయసులనే బీపీ, నెత్తుర్ల పొటాషియం తక్కువ. మూత్రపిండంల ఉప్పును లోపలికి గుంజే చిన్న దర్వాజ మూసుకోక ఎప్పుడూ తెరిచే ఉంటదని తర్వాత తెలిసింది. 1990లల్ల రిచర్డ్ లిఫ్టన్, ఆయన తోటోళ్లు ఇసొంటి కుటుంబాలను ఒక్కొక్కటి వట్టుకొని జీన్లు బయటికి తీసినరు. చూస్తే దాదాపు అన్ని తొవ్వలు ఒక్క కాడికే పోయినయి: మూత్రపిండం, ఉప్పు. నాకైతే ఈ మొత్తం కథల గిదే పెద్ద ముచ్చట. జీన్ల కోసం ఎతుక్కుంట పోయినోళ్లకు చివరికి ఉప్పు డబ్బ దొర్కింది. నెత్తురా, ఉప్పా అని మనం కొట్లాడుతున్నం గని ఆ రెండు వేరువేరు గానేగావు.

మా మేనత్త ముచ్చట చెప్పాలె. ఆమెకు నలభై అయిదు దాటంగనే బీపీ ఉన్నదని చెప్పినరు, గోలీలు రాసిచ్చినరు. రెండేండ్లు మింగి ఇడిసిపెట్టింది. అడిగితే, "అల్లుడా, మా అవ్వ గిట్లనే పోయింది, నేను గిట్లనే పోత. రక్తంల ఉన్నదాన్ని గోలి ఆపుతదా?" అన్నది. ఇంకో ఏడాదికి పచ్చవాతం కొట్టింది. కుడి చెయ్యి లేవది. ఇప్పుడు రొట్టె కొట్టుడు ఆమె కోడలు పని, ముద్ద కలుపుడు ఎడమ చేత్తోని. ఆమె మాటల తప్పు యాడున్నదో చూడుండ్రి. రక్తంల ఉన్నది నిజమే. గని గోలి పని చేసేది గాడనే. మన పెయ్యి రాసిన గొలుసుల ఏసీఈని ఎనలాప్రిల్ ఆపుతది. యాంజియోటెన్సిన్-2 పోయి కూసునే పీటను టెల్మిసార్టాన్ మూస్తది. జీను రాసిన ప్రోటీనునే గోలి వట్టుకుంటున్నది. కండ్లు మసక అయితే అద్దాలు వెట్టుకుంటం, పుట్టుకతోని వచ్చిన మసకకు అద్దాలు పనిచేయవు అని ఎవలన్న అంటరా?

"బీపీల సగం జీన్లే" అని సుత ఒక మాట నడుస్తది. జంట పిల్లలను, కుటుంబాలను చూసిన లెక్కలల్ల 30 నుంచి 50 శాతం అని వస్తది, ఆ లెక్క నిజమే. దాని అర్థం మాత్రం తప్పు తీస్కుంటున్నరు. అది మీ ఒక్కల బీపీల సగం గాదు. ఒక జనంల మనిషికీ మనిషికీ నడుమ ఉన్న తేడాల ఎంత జీన్ల మీదికెళ్లి వచ్చిందనే లెక్క. మా దిక్కు సోయ ఎక్కువ. ఒక్క సంచి ఇత్తనం తీస్కపోయి సగం నల్లరేగడిల, సగం చెల్కల వేసుండ్రి. రేగడి చేనుల ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ తేడా ఉన్నదంటే అది ఇత్తనం తేడా కావొచ్చు. రేగడికీ చెల్కకూ నడుమ ఉన్న తేడా మాత్రం భూమిది. ఇత్తనాన్ని చూస్తే భూమి తేడా కనవడది.

ఇదే ముచ్చటను మనుషులల్ల చూసిన పెద్ద పని హైదరాబాద్ ను సుత కలుపుకొని జరిగింది. 2005 నుంచి 2007 దాక లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీలల్ల పనిచేసేటోళ్లను తీస్కున్నరు. పల్లె నుంచి పట్నం వచ్చినోళ్లను, ఊర్లనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ములను, అక్కచెల్లెండ్లను పక్కపక్కన వెట్టి చూసినరు. మొత్తం 6,510 మంది. ఒక్క అవ్వ, ఒక్క నాయిన. ఊర్ల ఉన్న మొగోళ్లల్ల నూటికి 19 మంది లావుంటే, పట్నం వచ్చినోళ్లల్ల దగ్గర దగ్గర 38 మంది, పట్నంల పుట్టి పెరిగినోళ్లల్ల 42 మంది. షుగరు ఊర్ల 6, పట్నం వచ్చినోళ్లల్ల 14. రక్తం మారలె, బస్సు ఎక్కిండ్రు గంతే. బరువు వెరిగితే బీపీ దాని వెనుకనే వస్తది. కెన్యాల లువో జనం పల్లె ఇడిసి నైరోబికి వచ్చినప్పుడు చేసిన పరిశీలనల బీపీ నెలలల్లనే వెరిగింది, మూత్రంల ఉప్పు వెరిగింది. మా జుక్కల్, మద్నూర్, బిచ్కుంద దిక్కు నుంచి హైదరాబాద్ పోయినోళ్లు, బొంబాయి పోయినోళ్లు, గల్ఫుకు పోయినోళ్లు లేని ఊరు లేదు. ఇంటికాడ అన్న, దుబాయిల తమ్ముడు. ఇద్దరి బీపీ కొలిచి చూస్తే ఆ పరిశోధన మన ఇంట్లనే కనవడ్తది.

ఇంకో చివర బ్రెజిల్ అడవులల్ల యానోమామి అనే జనం. 1988ల అచ్చయిన ఇంటర్ సాల్ట్ అనే పరిశీలన 32 దేశాలల్ల ఉప్పును, బీపీని కొలిచింది. యానోమామి జనం ఉప్పు దాదాపు తినరు. వాళ్ల సగటు బీపీ 96 మీద 61. వయసు వెరిగినా బీపీ వెరుగలె. వయసయితే బీపీ వచ్చుడు మామూలే అని మనోళ్లు అంటరు. మామూలైంది వయసు గాదు, ఉప్పు.

ఇగ కులాల ముచ్చట. మా జుక్కల్ కు ఒక పక్క మహారాష్ట్ర, ఒక పక్క కర్ణాటక. ఒక్క బజార్ల తెలుగు, మరాఠి, కన్నడ, ఉర్దూ, లంబాడి మాటలు ఇనవడ్తయి. ఇన్ని రకాల జనం ఉన్నకాడ, ఫలానోళ్లకు బీపీ ఎక్కువ, ఫలానోళ్ల రక్తం గట్టిది అనే మాటలు పుట్టుకనే వస్తయి. దీంట్ల ఒక నిజం ఉన్నది, ఒక అబద్ధం ఉన్నది. నిజమేందంటే మనం వేల ఏండ్ల సంది కులంల కులానికే పిల్లనిచ్చుకున్నం. హైదరాబాద్ సీసీఎంబీల కుమారసామి తంగరాజ్, బయటి దేశాల శాస్త్రవేత్తలు కలిసి 2017ల అచ్చువేసిన పనిల 263 జనసమూహాలను చూస్తే, 81 సమూహాలల్ల ఈ కట్టు యూదులల్ల, ఫిన్లాండోళ్లల్ల కంటె గట్టిగ ఉన్నది. దాని ఫలితం ఒకటి మన కండ్ల ముంగట్నే ఉన్నది. మన తెలుగు వైశ్యులల్ల కొందరికి ఆపరేషన్ల ఇచ్చే ఒక రకం కండరాలు సడలిచ్చే మందు దిగది, మనిషి గంటలకొద్ది కదల్లేడు. దాని ఎంజైము లేని జీను ఇతర జనం కంటె వాళ్లల్ల వంద రెట్లు ఎక్కువ. మత్తు డాక్టర్లకు ఇది తెలిసిన ముచ్చటే. ఇంకోటి గుండెకు సంబంధించింది. గుండె కండరం జీనుల 25 అక్షరాలు ఎగిరిపోయిన రకం మన దేశంల నూటికి నలుగురికి ఉన్నదని, అది గుండె బలహీనతకు తొవ్వ తీస్తదని తంగరాజ్ వాళ్లే 2009ల చెప్పినరు.

ఇవి ఒక్క జీను ముచ్చట్లు. అబద్ధం యాడ మొదలయితదంటే, దీన్నే తీస్కపోయి బీపీకి అంటగట్టినకాడ. బీపీల వెయ్యి దాక తేడాలు ఉన్నయని చెప్పుకున్నం గదా. గన్ని గింజలు ఒక్క కులం సంచిల కుప్పవడవు, అన్ని సంచులల్ల కలగలిసి ఉంటయి. మేనరికం ముచ్చట సుత గిదే. ఒక్క జీను రెండు దిక్కుల నుంచి వచ్చి కలిసే బీమార్లకు మేనరికం నిజంగ పైలంగ చూడాల్సిందే. బీపీకి మాత్రం మేనమామ బిడ్డ కంటె రోజూ తినే తొక్కు గిన్నె ఎక్కువ లెక్కలకొస్తది.

పట్నంల ఇప్పుడు ఉమ్మి తీస్కొని జీన్ల పరీక్ష చేస్తమనేటోళ్లు వచ్చినరు. మా బామ్మర్ది ఒక ల్యాబుకు మస్తు పైసలు కట్టి చేయించుకున్నడు. రిపోర్టుల ఎర్ర రంగు, బీపీ ముప్పు ఎక్కువని. ఆ ల్యాబుల ఒక్కలన్న ఆయన చేతికి పట్టీ కట్టి బీపీ చూడలె. ఇసొంటి లెక్కలు ఎక్కువగ యూరప్ జనం రాతల మీద కట్టినయి. మన మీద అవి గంత బాగ అంటవు. మన రాత మనం చదువుకునే పని ఇప్పుడిప్పుడే అయితున్నది. జీనోమ్ ఇండియా పేరుతోని 10 వేల మందివి చదివి 2025 జనవరిల ఆ సమాచారం పరిశోధకుల కోసం తెరిచినరు. దాంట్ల సీసీఎంబీ సుత ఉన్నది. దాని మీద పని నడవాలె, మన లెక్కలు మనకు రావాలె. అప్పటిదాక ఆ ఎర్ర రంగు కాయితం కంటె ఆశా అక్క దగ్గర ఉన్న బీపీ మిషన్ ఎక్కువ చెప్తది, అదీ ఫుకట్ ల.

జీన్లు తెలిసిన తర్వాత నా మనసుకు మస్తు హాయినిచ్చిన ముచ్చట ఒకటున్నది. యాంజియోటెన్సినోజెన్ జీనుల ఒక తేడా ఉన్నది, అది ఉంటే ఆ పదార్థం ఎక్కువ తయారయితది. అమెరికాల డాష్ అనే తిండి పరిశీలనల కూరగాయలు, పండ్లు, కొవ్వు తక్కువున్న పాలు ఎక్కువ వెట్టి చూస్తే, ఎవలకు బీపీ ఎక్కువ తగ్గిందో తెలుసా? ఆ తేడా రెండు దిక్కుల నుంచి వచ్చినోళ్లకే. పై లెక్క దగ్గరదగ్గర 7 తగ్గింది. ఆ తేడా లేనోళ్లకు 3 సుత తగ్గలె. ఇంగ్లండుల 2 లక్షల 77 వేల మంది లెక్కలల్ల సుత, జీన్ల ముప్పు ఎక్కువున్నోళ్లు, తక్కువున్నోళ్లు అనే తేడా లేకుంట, మంచిగ తిని, తిరిగి, తాగుడు తగ్గించినోళ్ల బీపీ తక్కువనే ఉన్నది. అవ్వకు ఉన్నది గదా, నాకేం ఫాయిద అనేటోళ్లకు ఇంతకంటె సీదా జవాబు ఇంకేం కావాలె?

ఉప్పు లెక్క ఎట్ల చూడాలంటే, ల్యాబు అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అన్నది. ఐదుగురున్న ఇంటికి నెలకు 750 గ్రాములు. కిలోన్నర అయిపోతున్నదంటే మనిషికి 10 గ్రాములు పోతున్నది, రెండింతలు. తొక్కు వెట్టినప్పుడు వేసిన ఉప్పు, దుకాణంల కొన్న పాపడాలు, మిక్చరు దీంట్ల కలువలె, అవి వేరే. కల్లు దుకాణంల నంజుకునే గుడాలు సుత కలువలె. చైనాల 600 పల్లెలల్ల ఇరవై వేల మందితోని చేసిన పనిల, మామూలు ఉప్పుల పావు వంతు తీసి పొటాషియం ఉప్పు కలిపిచ్చినరు. ఐదేండ్లల్ల పచ్చవాతం 14 శాతం తగ్గిందని 2021ల చెప్పినరు. గని కిడ్నీ బీమారి ఉన్నోళ్లు, టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వాడేటోళ్లు డాక్టరును అడగకుంట ఆ ఉప్పు ముట్టొద్దు. వాళ్ల పెయ్యిల పొటాషియం నిలిచి గుండెకు తిప్పలయితది.

ఇంట్ల అవ్వకో, నాయినకో, అన్నకో బీపీ ఉంటే, లేకుంటే చిన్న వయసులనే పచ్చవాతం వచ్చి ఉంటే, పిల్లలు ముప్పై దాకగూడ ఆగొద్దు. ఏడాదికోసారి పల్లె దవాఖానకు పోయి చూపించుకోవాలె. పోయే ముందు అర్ధగంట చాయ్, బీడీ వద్దు. ఐదు నిమిషాలు కూసోని, ఈపు ఆనించి, కాళ్లు కింద ఆనించి, చెయ్యి గుండె ఎత్తున వెట్టి కట్టించుకోవాలె. రెండు మూడు దినాలు చూసినా 140 మీద 90 దాటే ఉంటే డాక్టరు దగ్గరికి పోవాలె. ఇరవై, ఇరవై అయిదు ఏండ్ల పోరగానికి బీపీ బాగ ఎక్కువుండి, పరీక్షల పొటాషియం తక్కువ వస్తే మాత్రం నిజామాబాద్ కో హైదరాబాద్ కో పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. ఆ వెయ్యిలల్ల ఒక్కటి, లిడిల్ చూసిన రకం, అయి ఉండొచ్చు. దానికి అమిలోరైడ్ అనే పాత మందు ఉన్నది. ఉప్పును గుంజే ఆ దర్వాజనే అది మూస్తది.